రెండు గీతలు కలిసిన ఇల్లు

ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే నా పని.
భుజాన సంచి, సంచిలో రిజిస్టరు,
రిజిస్టరుకి తాడుతో కట్టిన పెన్సిలు.
గురాగే కొండల మీది వానకి సిరా నిలవదు.
ఎన్‌సెత్ తోటల నడుమ, తలుపుల మీద
నీలిరంగు నంబర్లు వెతుక్కుంటూ నడుస్తాను.
పుట్టినవాళ్లెవరు? వచ్చినవాళ్లెవరు? వెళ్లినవాళ్లెవరు?
చివర్న గొంతు తగ్గించి అడుగుతాను:
ఎవరైనా పోయారా?

పోతే, నలభై రోజులాగి మళ్లీ వస్తాను,
ఏడుపు కాస్త అడుగంటి
మాట తిన్నగా వచ్చే వేళకి.
ఫెలెకెచ్ కాఫీగింజలు వేయించి
ఆ పొగని అరచేత్తో నా వైపు తోస్తుంది.
మొదటి కప్పు చిక్కన. రెండోది పల్చన.
మూడో కప్పు దాకా ఫారం తీయకూడదు, మర్యాద కాదు.

జ్వరం ముందా, పొక్కులు ముందా?
కళ్లు ఎర్రబడ్డాయా?
దగ్గు ఎన్నాళ్లు? డొక్క ఎగిరిందా?
తల్లి వాటికి జవాబు చెప్పదు.
పాప వేసుకున్న గౌను ఏ రంగో చెబుతుంది.
రంగుకి నా ఫారంలో గడి లేదు.
అంచున రాసుకున్నాను: పసుపు.
ఆఫీసులో ఎవరో దాన్ని కామెర్లన్నారు.
దిద్దించడానికి రెండు బస్సులు మారి వెళ్లాను.

మా ఏడాదికి పదమూడు నెలలు.
ఆఖరిది అయిదు రోజుల బుల్లి నెల.
అందులో పోయిన పసివాణ్ణి
కంప్యూటరు ఒప్పుకోలేదు,
అలాంటి నెలే లేదంది.

మొదటి పదేళ్లూ
చిన్నపిల్లల పేజీలే ముందు నిండేవి.
మిస్రాక్ వాళ్ల అమ్మమ్మ
తట్టు వచ్చి వెళ్లేదాకా మనవలకి పేరు పెట్టనిచ్చేది కాదు.
"పేరుంటే పిలవాలనిపిస్తుంది" అనేది.
నా రాతలో వాళ్లంతా పాప, బాబు, పాప, పాప.
తర్వాత గాడిద మీద ఐసు పెట్టెతో
టీకాల కుర్రాడు రావడం మొదలైంది.
ఒక ఏడు ఆ పేజీలు సగమే నిండాయి.
మరుసటేడు పావు.
నమ్మలేక ఇల్లిల్లూ మళ్లీ తిరిగాను,
చావుల్ని ఎవరైనా దాస్తున్నారేమోనని.
ఎవరూ దాయలేదు.
పిల్లలు గోడలెక్కి కూర్చుని నన్ను చూసి నవ్వారు.

ఇప్పుడు వేరే మాటలు రాస్తున్నాను.
మూతి వంకరపోయి కూలినవాళ్లు.
మానని కాలిపుండు.
రాత్రి పన్నెండుసార్లు లేచి నీళ్లడిగినవాడు.
దెగెఫు నవ్వేశాడు: "జన్మంతా ఉప్పేసుకుని కాఫీ తాగాను,
నా ఒంట్లో చక్కెరెక్కడిదమ్మా?"
ఆర్నెల్లకి కాలు తీసేశారు. ఏడాదికి మనిషే లేడు.
పెద్దవాళ్ల పేజీలు అప్పటికే అయిపోయాయి.
వాడని చిన్నపిల్లల పేజీ ఒకటి తిరగేసి
వెనకవైపు రాశాను అతన్ని.

మొన్న అడిస్ అబాబాలో
గోడంత తెర మీద మా ఊరిని చూపించారు.
అంటురోగాల ఎర్ర గీత కిందికి,
నల్ల గీత పైకి,
ఒకచోట ఒకదాన్నొకటి కోసుకున్నాయి.
"ఇదీ మలుపు" అన్నాడు కుర్రడాక్టరు. చప్పట్లు.

ఆ చోటు నాకు తెలుసు.
రెండువందల పద్నాలుగో నంబరు ఇల్లు.
తట్టుతో పోయిన ఆఖరి పిల్లది ఆ ఇల్లే.
పసుపు గౌను.
ఆ నెల్లోనే, అదే గుమ్మంలో
తాతకి ఒక పక్కంతా పడిపోయింది.
రెండు ఫారాలు నింపాను ఒక్క చాప మీద కూర్చుని.
చప్పట్లు కొట్టాను నేనూ.
కొట్టాల్సిందే. గోడలెక్కిన పిల్లలు అబద్ధం కాదు కదా.

ఫెలెకెచ్‌కి ఇప్పుడు యాభై నాలుగు.
వెళ్లినప్పుడల్లా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొడతాను.
"ఎంత?" అంటుంది. చెబుతాను.
"ఎక్కువా?"
ఎక్కువే.
"మా అమ్మ ఈ వయసే చూడలేదు,
ఇక ఎక్కువెక్కడ, తక్కువెక్కడ" అని
ఉప్పు గిన్నె కాస్త అటు జరిపి
నా కప్పు నింపుతుంది.
ఇంకా రెండోదే.